అడకత్తెరలో టైరు

అనంతపురంలో నా దగ్గర ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదువుకుని, ఇప్పుడు తాడిపత్రిలో బండల వ్యాపారం చేసుకుంటున్న ఒకతను, మొన్నటి వానలు వెలిసిన వారంలో మా ఇంటికి వచ్చి, కారు డిక్కీలోంచి ఒక టైరు తీసి అరుగు మీద పెట్టాడు. గత ఏడాది కొన్న విద్యుత్ కారు టైరు అది. నేల మీద ఆనే భాగం ఇంకా కొత్తగానే ఉంది. దాని మీది గాడులు సగం కూడా అరగలేదు. "సార్, నాలుగు నెలల్లో ఇది రెండోది. బండి బరువుకు పోతాండాయా, టైరు పక్కలు పొట్టిగా ఉండేదానికి పోతాండాయా? షాపుల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తాండారు" అని అడిగాడు. చక్రానికి ఉన్నప్పుడు దాని పక్కన నిమ్మకాయంత బుడిపె లేచిందట. గాలి తీసి విప్పేశాక ఆ బుడిపె జాడ కూడా లేదు. టైరు లోపలికి చేయి పోనిచ్చి తడిమితే, అతను చూపించిన చోటనే, గోటితో గట్టిగా అదిమినట్టు అంగుళంన్నర పొడవున ఒక నొక్కు తగిలింది.

ఆ నొక్కును అర్థం చేసుకోవడానికి మన ఇళ్లలోని అడకత్తెరను మించిన నమూనా లేదు. అడకత్తెరకు కింద ఒక దవడ, పైన ఒక దవడ ఉంటాయి. వాటి నడుమ పోకచెక్క ఉంటుంది. టైరు విషయంలో కింది దవడ రోడ్డు గుంత అంచు. అదీ మనం దిగే వైపు అంచు కాదు, ఎక్కే వైపు అంచు. పై దవడ చక్రపు రిమ్ము అంచు. ఈ రెండింటికీ నడుమ టైరు పక్కగోడ, షాపుల్లో సైడ్‌వాల్ అనేది, పోకచెక్కలా పడుతుంది. గుంత ఎంత లోతైనదైనా, రిమ్ము అంచు గుంత అంచును చేరనంత వరకు పక్కగోడకు సాధారణంగా ఏమీ కాదు. ఆ రెండు దవడలూ కలుసుకున్న క్షణంలో లోపలి దారాలు తెగుతాయి.

దారాలని ఎందుకన్నానంటే, టైరును నిలబెట్టేది రబ్బరు ఒక్కటే కాదు. 1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన రేడియల్ నిర్మాణంలో, రిమ్మును పట్టుకునే ఒక ఉక్కు తీగల కడియం నుంచి ఎదుటి కడియం దాకా సన్నని దారాలు అడ్డంగా, పక్కపక్కనే పరచి ఉంటాయి. కార్ల టైర్లలో ఇవి చాలావరకు పాలియెస్టర్ దారాలు. నేల మీద ఆనే భాగం కింద ఉక్కు పట్టీలు ఉంటాయి కాబట్టి అక్కడ మేకు తప్ప మరొకటి సులువుగా దిగదు. పక్కగోడలో ఉక్కు పట్టీలు లేవు. టైరులో గాలి పీడనం చదరపు అంగుళానికి 36 పౌండ్లు, అంటే దాదాపు 250 కిలోపాస్కళ్లు అనుకుందాం; పక్కగోడ వంపు వ్యాసార్థం 5 సెంటీమీటర్లు అనుకుందాం. ఈ రెండింటినీ గుణిస్తే పక్కగోడలోని ప్రతి సెంటీమీటరు వెడల్పు మీద 12 కిలోలకు పైగా బరువు వేలాడదీసినంత లాగుడు ఉంటుందని తేలుతుంది. బండి షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా రాత్రింబవళ్లు ఈ లాగుడును దారాలే మోస్తుంటాయి. సెంటీమీటరు మేర దారాలు తెగితే ఆ భారం వట్టి రబ్బరు మీద పడుతుంది, రబ్బరు సాగుతుంది, బుడిపె లేస్తుంది. గాలి తీయగానే లాగుడు పోతుంది కాబట్టి బుడిపె కూడా అణిగిపోతుంది.

ఇక దవడల నడుమ ఉన్న ఎడం సంగతి. టైరు మీద రాసి ఉండే అంకెల్లో మొదటిది వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పేది, మూడోది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 215/60 ఆర్ 16 టైరుకు పక్కగోడ 129 మిల్లీమీటర్లు. 235/45 ఆర్ 18 టైరుకు 106. 235/35 ఆర్ 20 టైరుకు 82 మాత్రమే. ఈ మూడు చక్రాల మొత్తం వ్యాసం కొలిచి చూడండి, మూడూ 66, 67 సెంటీమీటర్ల దగ్గరే ఉంటాయి. బయటి కొలత మారకుండా లోపలి రిమ్ము పెరిగినకొద్దీ, ఆ పెరిగినంతా పక్కగోడ నుంచి తీసుకున్నదే. పెద్ద రిమ్ములో పెద్ద బ్రేకులు పడతాయి, మలుపుల్లో బండి స్థిరంగా తిరుగుతుంది, చూపుకు బాగుంటుంది, కారణాలు ఇవే. 129 నుంచి 82కు దిగామంటే అడకత్తెర దవడలు మూడో వంతుకు మించి దగ్గరైనట్టే.

బరువు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర లేదు. 40 లీటర్ల పెట్రోలు తూకం 30 కిలోలు. 60 కిలోవాట్ గంటల బ్యాటరీ పెట్టె తూకం 400 కిలోల ప్రాంతంలో ఉంటుంది. అందుకే మంచి విద్యుత్ కారు రెండు టన్నులకు చేరుతోంది. అయితే బరువైన బండి కాబట్టి గుంతను గట్టిగా గుద్దుతుందని అందరూ అనుకునే మాటను మాత్రం నిలిపి చూడాలి. టైరు గుంత అంచును తాకి నలిగే వ్యవధి సెకనులో వందో వంతు ప్రాంతం. బండి శరీరం స్ప్రింగుల మీద ఒకసారి ఊగి రావడానికి సెకనులో పెద్ద భాగం పడుతుంది. అంటే గుద్దు జరిగి ముగిసేదాకా పైనున్న బండికి ఆ కబురే అందదు. అంచును గుద్దేది స్ప్రింగు కింద ఉన్న సరంజామా మాత్రమే: టైరు, రిమ్ము, బ్రేకు, హబ్బు, అన్నీ కలిపి ఒక మూలకు 50 కిలోలు అనుకుందాం.

మరి పైనున్న బరువు ఏం చేస్తుంది? నాకు ఈ విషయమంతటిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. రెండు టన్నుల బండిలో ఒక్కో చక్రం వాటాకు 500 కిలోలు వస్తాయి; అందులో స్ప్రింగు మీద 450, స్ప్రింగు కింద 50. రోడ్డు మీద నడుస్తున్నంత సేపూ ఆ స్ప్రింగు 450 కిలోల భారానికి నొక్కుకుని ఉంటుంది. చక్రం కింద నేల ఒక్కసారిగా లేకుండా పోతే, చక్రం గురుత్వాకర్షణ ఒక్కదానికే రాయిలా పడదు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు కూడా దాన్ని 450 కిలోల బలంతో కిందికి తన్నుతుంది. 500 కిలోల బలం 50 కిలోల వస్తువు మీద పనిచేస్తే త్వరణం గురుత్వ త్వరణానికి 10 రెట్లు. 1100 కిలోల చిన్న పెట్రోలు కారులో ఇదే లెక్క వేస్తే, చక్రం మూల 35 కిలోలనుకుంటే, 8 రెట్లకు కొంచెం తక్కువ వస్తుంది. బండి బరువెక్కినకొద్దీ చక్రం గుంతలోకి ఇంకా త్వరగా దిగుతుందన్న మాట. న్యూటన్ రెండో నియమాన్ని మనం కప్పీ మీద వేలాడే దిమ్మెలతోనే చెప్పి మార్కులు వేసుకున్నాం. తాడిపత్రి రోడ్డు మీద గుంతతో చెప్పి ఉంటే పిల్లలకు జీవితాంతం గుర్తుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక్కడ ఒక పాత నమ్మకాన్ని పరీక్షించవచ్చు. వేగంగా పోతే చక్రం గుంతలో పడకుండానే దాటేస్తుందని మా ప్రాంతపు డ్రైవర్లు చాలామంది గట్టిగా నమ్ముతారు. 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల లోతు ఉన్న గుంతను తీసుకుందాం. చక్రం గుండ్రంగా ఉంటుంది కాబట్టి, దాని మధ్యభాగం అక్కడికి చేరకముందే ఎదుటి అంచు తగులుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో చక్రం ఆ అంచును తాకే సరికి, పైన చెప్పిన త్వరణంతో దిగేది మూడున్నర సెంటీమీటర్లు. 30 కిలోమీటర్ల వేగంతో పోతే అడుగంటా, అంటే 5 సెంటీమీటర్లు దిగుతుంది. కాబట్టి వేగంగా పోతే తక్కువ దిగుతుందన్న మాట నిజమే. కానీ అంచును ఎక్కడానికి చక్రం ఎంత వేగంతో పైకి లేవాలో లెక్క కడితే కథ తిరగబడుతుంది. 30 వేగంలో అది సెకనుకు 5.2 మీటర్లు, 60 వేగంలో 8.3 మీటర్లు. గుద్దులోని శక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, మొదటిది 680 జౌళ్లు, రెండోది 1700 జౌళ్లు, రెండున్నర రెట్లు. అదే గుంత 10 సెంటీమీటర్ల లోతుదైతే 30 వేగంలో కూడా చక్రం దాదాపు పూర్తిగా దిగి, అంచును సెకనుకు 8 మీటర్లకు పైగా పైకి ఎక్కవలసి వస్తుంది. అంటే లోతైన గుంతలో 30 కూడా 60 అంత చెడ్డదే. అక్కడ 15కు దిగితేనే శక్తి 450 జౌళ్ల దగ్గరికి తగ్గుతుంది.

ఈ జౌళ్లను టైరు నలుగుడులోకి మార్చి చూద్దాం. టైరు బిరుసు, అంటే దాన్ని నలపడానికి కావలసిన బలం, మిల్లీమీటరుకు 250 న్యూటన్లు (దాదాపు 25 కిలోల బరువు) అనుకుంటే, 1700 జౌళ్లను మింగడానికి టైరు 117 మిల్లీమీటర్లు నలగాలి. 680 జౌళ్లకు 74 చాలు. 129 మిల్లీమీటర్ల పక్కగోడకు 74 పెద్ద లెక్క కాదు. 82 మిల్లీమీటర్ల పక్కగోడలో, నలిగే చోట రబ్బరు మందం తీసివేస్తే, 74 మిల్లీమీటర్ల ఖాళీ ఎక్కడ ఉంది? పైగా బండి బరువుకు టైరు ముందే నలిగి ఉంటుంది: చిన్న కారు కింద 11 మిల్లీమీటర్లు, రెండు టన్నుల బండి కింద 20. షాక్ అబ్జార్బర్లు చక్రం దిగుడును కొంత ఆపుతాయి, గుంత అంచు కొంత రాలుతుంది, కాబట్టి అసలు అంకెలు వీటికంటే తక్కువే ఉంటాయి. ఒకదానితో ఒకటి పోల్చుకునేటప్పుడు మాత్రం వరుస మారదు. నా శిష్యుడి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పొట్టి పక్కగోడ దవడలను దగ్గర చేస్తుంది, బరువు ఆ దవడలను నొక్కే చేతికి బలం ఇస్తుంది.

ఆ దవడల నడుమ ఎడాన్ని కాపాడేది గాలి. ఎండాకాలంలో టైరు పేలుతుందనే భయంతో గాలి తగ్గించి కొట్టించుకునే అలవాటు మా జిల్లాలో బాగా ఉంది, అది చాలా నష్టం చేస్తోంది. 27 డిగ్రీల చల్లని టైరులో 36 పౌండ్ల గాలి ఉంటే, టైరు 67 డిగ్రీలకు వేడెక్కినా పీడనం 43 దాటదు. టైరును తయారు చేసేవారు ఈ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకుంటారు. తలుపు దగ్గర అంటించిన చీటీలోని అంకె చల్లని టైరుకు సంబంధించినది. గాలి తగ్గిస్తే టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, గుంతలో సులువుగా చిక్కుతుంది. కొత్త బండిని కసాపురం ఆంజనేయస్వామి సన్నిధికి తీసుకువెళ్లి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా వైపు ఆచారం. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. ఆ నాలుగు చక్రాల దగ్గరే కూర్చుని నెలకు రెండుసార్లు గాలి కొలుచుకునే అలవాటు కూడా ఆ రోజు నుంచే మొదలైతే ఎన్నో టైర్లు దక్కుతాయని నా కోరిక.

గుంతల పుట్టుక గురించి అతను అడగలేదు, కానీ అతని వ్యాపారం గుర్తుంచుకుని నేనే చెప్పాను. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా జరిగిన పెద్ద రోడ్డు పరీక్షల్లో, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు మీది బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. మన దేశంలో 2018 నుంచి లారీల నాలుగు టైర్ల ఇరుసుకు 11.5 టన్నుల దాకా అనుమతి ఉంది. రెండు టన్నుల కారు ఇరుసు మీద ఉండేది ఒక టన్ను. నాలుగో ఘాతం కాబట్టి నాలుగు 11.5లను ఒకదానితో ఒకటి గుణిస్తే 17,000 దాటుతుంది. నల్ల బండలు నింపుకున్న లారీ ఇరుసు ఒక్కటి రోడ్డుకు చేసే చేటు ఇన్ని వేల కార్ల ఇరుసులు చేసే చేటుతో సమానం. దీనికి తోడు తాడిపత్రి, నంద్యాల వైపు నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. దాని మీది తారు పొర పగులుతుంది, పగుళ్లలోకి దిగిన వాన నీటిని లారీ చక్రాలు కింది కంకర సందుల్లోకి కొడతాయి, కంకర మట్టితో సహా కొట్టుకుపోతుంది. కరవు సీమలో ఇన్ని గుంతలేమిటని ఆశ్చర్యపోయే వారికి ఇదే జవాబు. ఏడాది పొడవునా పడే వాన అవసరం లేదు, ముందే పగిలిన రోడ్డు మీద నాలుగు గట్టి వానలు చాలు. అప్పుడే పుట్టిన గుంత అంచు పదునుగా, నిట్టనిలువుగా ఉంటుంది. నీళ్లు నిండి ఉండటం వల్ల దాని లోతు కూడా తెలియదు.

గుంత తప్పదని తెలిసినప్పుడు బ్రేకు ముందే వేసి, అంచు చేరేలోగా వదిలేయాలి. బ్రేకు నొక్కి ఉంచితే బండి ముందుకు వాలి ముందు టైర్లు ఇంకా నలిగి ఉంటాయి. విద్యుత్ బండిలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయడమే ఒక బ్రేకు, ఎందుకంటే అప్పుడు మోటారు జనరేటరుగా మారి బండిని వెనక్కి లాగుతుంది. కాబట్టి గుంత దాటే క్షణంలో కాలు తేలికగా ఆనించి ఉంచడం మేలు. ఇంకో మాట కూడా అతనికి గట్టిగా చెప్పాను. చాలా విద్యుత్ కార్లలో స్టెప్నీ ఉండదు, పంక్చరు పూడ్చే ద్రవం మాత్రమే ఇస్తారు. ఆ ద్రవం మేకు చేసిన రంధ్రానికి పనికివస్తుంది కానీ, పక్కగోడలో తెగిన దారాలను అతికించలేదు. కర్నూలుకూ అనంతపురానికీ మధ్య 150 కిలోమీటర్ల దారిలో రాత్రిపూట బుడిపె పగిలితే బండిని మరో బండి మీద ఎక్కించడం తప్ప వేరే దారి ఉండదు.

వెళ్లే ముందు అతను కారు వెనక ఎడమ చక్రాన్ని కూడా చూపించాడు. దాని పక్కగోడ మీద వేలెడు పొడవున, రిమ్ము నుంచి బయటి వైపుకు, సన్నని పల్లం ఒకటి ఉంది. ఇది కూడా పాడైందని, మార్చాలని షాపులో చెప్పారట. నేను అరచేతితో దాని మీద రెండు మూడుసార్లు రాసి చూశాను. ఎక్కడా ఉబ్బు లేదు, లోపలికి దిగిన గీత మాత్రమే తగిలింది. దారాల పొరను టైరు చుట్టూ చుట్టి చివరలను ఒకదాని మీద ఒకటి వేసి కలిపిన చోట అది రెండు పొరలుగా ఉంటుంది. ఆ చోట గట్టితనం ఎక్కువ కాబట్టి, గాలి నింపినప్పుడు చుట్టుపక్కల సాగినంత అది సాగదు, అందుకే పల్లంగా కనిపిస్తుంది. ఉబ్బు ఉంటే తెగిన దారాలు, పల్లం ఉంటే రెట్టింపు దారాలు. ఆ టైరును అలాగే ఉంచుకోమని, గాలి మాత్రం ఈ సాయంత్రమే కొలిపించమని చెప్పి పంపించాను.