రైలు తలుపు మూసేదెవరు? బ్రిటన్ గార్డుల సమ్మెల వెనుక కథ

తలుపులు మూసే బటన్ డ్రైవర్ నొక్కాలా, గార్డు నొక్కాలా? ఈ ఒక్క ప్రశ్న మీద బ్రిటన్‌లో ఏళ్ల తరబడి రైళ్లు ఆగిపోయాయంటే మనవాళ్లకు వింతగా ఉంటుంది. 2016 ఏప్రిల్ 26న దక్షిణ ఇంగ్లండ్‌లో సదరన్ అనే కంపెనీ రైళ్ల గార్డులు దిగిన సమ్మె సరిగ్గా దీని గురించే. తర్వాత అది లివర్‌పూల్, మాంచెస్టర్ల వైపుకూ, తూర్పున నారిచ్ లైన్లకూ, లండన్ వాటర్లూ నుంచి బయల్దేరే రైళ్లకూ పాకింది.

బటన్ ఎవరి చేతిలో ఉంటే, రైలు కదలాలంటే ఆ మనిషి ఉండి తీరాలి. గార్డు చేతిలోంచి అది పోయిందంటే గార్డు రాకపోయినా రైలు నడిపేయొచ్చు. కంపెనీలకు కావలసింది అదే, యూనియన్లకు భయం కూడా అదే. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే, వందల మంది ఎక్కిన రైల్లో డ్రైవర్ కాకుండా ఇంకో మనిషి ఉంటాడా లేదా అన్నది అసలు విషయం. నాకు ముఖ్యంగా అనిపించేదీ అదే.

గార్డు అన్న పేరు రైళ్ల కంటే పాతది. 1784లో బ్రిస్టల్, లండన్‌ల మధ్య తపాలా గుర్రబ్బండ్లు మొదలైనప్పుడు, దారిదోపిడీల నుంచి సంచులు కాపాడటానికి వెనక తుపాకీతో ఒకడు కూర్చునేవాడు. వేళ చూసుకోవడానికి గడియారం, దారి ఇమ్మని ఊదడానికి కొమ్ము కూడా అతని దగ్గరే ఉండేవి. రైళ్లు వచ్చాక ఆ పేరూ, వేళ చూసే పనీ పట్టాల మీదికి వచ్చాయి. దాంతోపాటు ఇంకో పెద్ద బాధ్యత వచ్చిపడింది. అప్పట్లో పెట్టెలన్నిటికీ కలిపి పనిచేసే బ్రేకులు లేవు. రైలు చివరనున్న బ్రేక్ వ్యాన్‌లో గార్డు చేత్తో చక్రం తిప్పి బ్రేకు వేయాలి.

ఆ చేతి బ్రేకు ఎంత బలహీనమో 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మాలో తెలిసింది. చర్చి నడిపే సండే స్కూల్ పిల్లలను విహారానికి తీసుకెళ్తున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది దాన్ని రెండుగా విడదీశారు. వెనక పెట్టెలను గార్డు బ్రేకు ఆపలేకపోయింది. అవి పల్లానికి దొర్లుకుంటూ వెళ్లి, వెనక వస్తున్న రైలును గుద్దుకున్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు, అందులో చాలామంది పిల్లలు. అదే ఏడాది వచ్చిన చట్టంతో ప్రయాణికుల రైళ్లన్నిటికీ, పెట్టెలు విడిపోతే తమంతట తామే పడే బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. బ్రేకు పని అలా గార్డు చేతిలోంచి జారింది. ప్రమాదం జరిగితే పరిగెత్తుకెళ్లి, అటుగా వచ్చే రైళ్లను ఆపే పని మాత్రం మిగిలింది. పట్టాల మీద చక్రం పడగానే పేలే డిటొనేటర్లు అందుకే అతని సామాన్లలో ఉండేవి.

ఆ రోజుల్లో సమ్మె చేయడం కూడా ప్రాణగండమే. 1900లో దక్షిణ వేల్స్‌లోని టాఫ్ వేల్ రైల్వేలో సమ్మె జరిగితే, నష్టపరిహారం కోసం కంపెనీ ఏకంగా యూనియన్ మీద కేసు వేసింది. మరుసటి ఏడు, అప్పట్లో దేశంలో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కంపెనీ వైపే తీర్పు చెప్పింది. యూనియన్‌కు 23,000 పౌండ్ల పరిహారం పడింది, ఖర్చులు అదనం. కార్మికులకు పార్లమెంటులో తమ మనుషులు కావాలని గట్టిగా అనిపించడానికి, లేబర్ పార్టీ బలపడటానికి ఈ తీర్పు ఒక పెద్ద కారణం. 1906లో చట్టం మార్చాక యూనియన్లకు ఆ ప్రమాదం తప్పింది. 1911 ఆగస్టులో తొలి దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగినప్పుడు లనెల్లిలో సైన్యం కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు.

ఇక తలుపుల సంగతి. పాత బ్రిటిష్ రైళ్లలో ప్రతి గదికీ ఒక తలుపు ఉండేది. ప్రయాణికులే తీసుకుని దిగి, ధడేల్మని వేసి పోయేవారు. తలుపులు నడిపే ఉద్యోగమంటూ వేరే లేదు. అన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసి, ఈల ఊది, పచ్చ జెండా ఊపడం గార్డు పని. మీటతో జరిగే తలుపులు వచ్చాకే మీట ఎవరిదన్న తగాదా పుట్టింది. చాలా రైళ్లలో అది గార్డుకు దక్కింది. తలుపులు మూసి, ప్లాట్‌ఫాం అంతా చూసుకుని, రెండుసార్లు బజర్ కొడతాడు. రెండు అంటే బయల్దేరమని.

ప్రధాన రైల్వేల్లో దానికి తొలి దెబ్బ బెడ్‌ఫర్డ్, లండన్ సెయింట్ పాంక్రాస్ లైన్లో తగిలింది. గార్డు అక్కర్లేకుండా డ్రైవర్ ఒక్కడే నడిపేలా కొత్త కరెంటు రైళ్లు చేయించారు. 1982లో అవి సిద్ధమైనా యూనియన్లు ఒప్పుకోక ఖాళీగా నిలబడ్డాయి. 1983లో గానీ కదల్లేదు. తర్వాత లండన్ చుట్టుపక్కల చాలా లైన్లు అదే దారి పట్టాయి. లండన్ భూగర్భ రైళ్లలో చివరి గార్డు 2000 జనవరిలో నార్తర్న్ లైన్ నుంచి దిగిపోయాడు. కాబట్టి గార్డు లేని రైళ్లు 2016లో కొత్త కాదు. కంపెనీలు ఈ మాటే పదే పదే చెప్పేవి, అది నిజం కూడా.

మరి 2016లో ఎందుకంత రచ్చ? 1993 చట్టంతో రైల్వేలను ముక్కలు చేసి ప్రైవేటుకు ఇచ్చారు. ఖర్చు తగ్గుతుందన్న ఆశ తీరలేదు. 2011లో ప్రభుత్వం కోసం రాయ్ మెక్‌నల్టీ ఇచ్చిన నివేదిక, డ్రైవర్ ఒక్కడే నడపడం మామూలు పద్ధతి కావాలంది. అప్పట్లో సదరన్‌ను నడిపిన గోవియా థేమ్స్‌లింక్ కాంట్రాక్టు కూడా మామూలుది కాదు. టికెట్ల డబ్బు ప్రభుత్వానికి పోయేది, కంపెనీకి ఫీజు ముట్టేది. సమ్మె వల్ల టికెట్లు అమ్ముడుపోకపోతే నష్టం ప్రభుత్వానికే. రాజీకి రావలసిన తొందర కంపెనీకి ఎక్కడుంటుంది? మధ్యలో నలిగింది బ్రైటన్ నుంచి లండన్‌కు రోజూ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు. 2016 డిసెంబరులో ఆస్లెఫ్ యూనియన్ డ్రైవర్లు కూడా దిగేసరికి సదరన్ మొత్తం స్తంభించింది.

సదరన్ గార్డుల పేరు చివరికి ఆన్‌బోర్డ్ సూపర్‌వైజర్ అయింది. (మన రైల్వేల్లో 2022లో గార్డును ట్రైన్ మేనేజర్ చేశారు, కానీ అక్కడ మారింది పేరే.) సదరన్ సూపర్‌వైజర్ టికెట్లు చూస్తాడు, సాయం చేస్తాడు, తలుపులు మాత్రం ముట్టడు. అతను లేకపోయినా కొన్ని పరిస్థితుల్లో రైలు బయల్దేరొచ్చు.

భద్రత మీద వాదన ఇటూ అటూ ఉంది. డ్రైవర్ ఒక్కడే నడిపితే ప్రమాదం పెరగదని రైల్వే భద్రతా మండలి అంచనా. 2011లో లివర్‌పూల్ జేమ్స్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలుకు ఆనుకుని నిలబడ్డ 16 ఏళ్ల అమ్మాయి, రైలు కదలడంతో కింద పడి చనిపోయింది. బయల్దేరమన్న గార్డుకు ఐదేళ్ల జైలు పడింది. గార్డు ఉన్నా ఘోరం జరగొచ్చని దీనివల్ల తేలింది. కానీ తలుపుల లెక్కతో గార్డు విలువ తేలదు. బ్రిటన్‌లో చిన్న స్టేషన్లు చాలావాటిలో ఉద్యోగి అన్నవాడే ఉండడు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ర్యాంప్ వేయాలంటే రైల్లోంచే ఎవరో దిగాలి. ఎవరూ లేకపోతే ఆ మనిషి ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతాడు, లేదా దిగాల్సిన చోట దిగలేక ముందుకు వెళ్లిపోతాడు. రాత్రి ఖాళీ పెట్టెలో ఒంటరిగా కూర్చున్న ఆడపిల్లకు యూనిఫాం ఒక్కసారి అలా నడిచి వెళ్తే ఎంత ధైర్యమో లెక్కల్లో కనపడదు. 2025 నవంబరులో హంటింగ్‌డన్ దగ్గర రైల్లో కత్తిపోట్లు జరిగినప్పుడు, ప్రయాణికులకు అడ్డు నిలిచి తీవ్రంగా గాయపడింది రైల్లో పనిచేసే ఉద్యోగే.

మిగతా చోట్ల గార్డులు చాలావరకు నిలబడ్డారు. లివర్‌పూల్ వైపు రైళ్లు నడిపే మెర్సీరైల్ 2018లో ప్రతి రైల్లో రెండో మనిషి ఉంటాడని ఒప్పుకుంది. 40 రోజులకు పైగా సమ్మె చూశాక 2019లో ఉత్తర ఇంగ్లండ్ రైళ్ల కంపెనీ నార్తర్న్ కూడా మాట ఇచ్చింది. వాటర్లూ రైళ్లు నడిపే సౌత్ వెస్టర్న్‌లో 2019 డిసెంబరులో 27 రోజులు సమ్మె నడిచింది. 2022 జూన్‌లో దేశమంతా ఆగిన సమ్మె జీతాలు, ఉద్యోగాల గురించి. మరుసటి ఏడు దాదాపు టికెట్ ఆఫీసులన్నీ మూసేస్తామంటే ఏడున్నర లక్షల స్పందనలు వచ్చాయి. ప్రభుత్వం అక్టోబరు 31న ఆ ఆలోచన మానుకుంది. ఎదురుగా మనిషి కావాలని జనం ఇంత స్పష్టంగా ఇంకెప్పుడూ చెప్పలేదు.

సమ్మె లేని రోజుల అవస్థ వేరు. నేనొక ఆదివారం సాయంత్రం ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక స్టేషన్‌లో వరుసగా మూడు రైళ్లు రద్దవడం చూశాను. బోర్డు మీద ఒకటే మాట, సిబ్బంది కొరత. చాలా కంపెనీల్లో ఆదివారం పనివారంలో భాగం కాదు, ఇష్టమైతే చేసే ఓవర్‌టైమ్. నార్తర్న్ పశ్చిమ భాగంలో కండక్టర్లదీ (అక్కడ గార్డుల పేరు అది) అదే ఒప్పందం, అందుకే 2024లో మాంచెస్టర్ వైపు ఆదివారాలు కుప్పకూలాయి. కొత్తవాళ్లను తీసుకుని శిక్షణ ఇవ్వడం కంటే ఓవర్‌టైమ్‌తో నెట్టుకురావడం చవకని దశాబ్దాలుగా అలాగే లాగారు. ఉద్యోగి ఆదివారం ఇంట్లో ఉండాలనుకోవడం తప్పెలా అవుతుంది?

2024 నవంబరు చట్టంతో, ప్రభుత్వం నుంచి కాంట్రాక్టు తీసుకుని రైళ్లు నడిపే ఫ్రాంచైజ్ కంపెనీలు ఒక్కొక్కటిగా ప్రభుత్వం చేతికి వస్తున్నాయి. 2025 మేలో సౌత్ వెస్టర్న్ వచ్చింది. సదరన్ వంతు 2026లో అన్నారు. నార్తర్న్ అయితే 2020 నుంచే ప్రభుత్వానిది. ఆ ఆదివారాలు కుప్పకూలింది దాని తర్వాతే.