కన్ఫ్యూషియన్ ఆచార విధులు: అపోహలు - వాస్తవాలు

ప్రాచీన చైనా ఆచార గ్రంథాలు బోధించేవారికి తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఈ నియమాలన్నీ కన్ఫ్యూషియస్ రాసినవే.

వాస్తవం: కాదు. జౌలీ, యీలీ, లీజీ అనే మూడు గ్రంథాలూ పలువురి చేతుల్లో రూపుదిద్దుకున్నవి. మూడింటికీ వ్యాఖ్యానం రాసినవాడు 2వ శతాబ్దపు జెంగ్ షువాన్. ఆయన లేకపోతే మాకు పూట గడవదు.

అపోహ: విధిని పొల్లుపోకుండా పాటించడమే పాండిత్యం.

వాస్తవం: టోపీ నారతో చేయాలన్నది విధి. పట్టుతో చేస్తే ఖర్చు తగ్గుతుంది, నలుగురితో పాటు నేనూ అన్నాడు కన్ఫ్యూషియస్. ప్రభువుకు మెట్ల దిగువనే మొక్కాలన్న విధిని మాత్రం వదల్లేదు. అందరూ పైకెక్కి మొక్కుతున్నా అది అహంకారమే అన్నాడు. ఏది వదలవచ్చో తేల్చడమే అసలు కష్టం.

అపోహ: తండ్రి పోతే మూడేళ్ల శోకదీక్ష, అంటే 36 నెలలు.

వాస్తవం: మూడో ఏడాదిలో అడుగుపెడితే మూడేళ్ల కిందే లెక్క. జెంగ్ షువాన్ 27 నెలలన్నాడు, 3వ శతాబ్దపు వాంగ్ సు 25 చాలన్నాడు. ఆ రెండు నెలల మీద ఎన్ని తరాలు వాదించుకున్నాయో! బట్టకూ లెక్క ఉంది. తండ్రి కోసం కట్టే బట్ట అన్నిటికన్నా ముతకది, అంచు కుట్టనిది. జెంగ్ లెక్క ప్రకారం దాని పడుగులో 240 పోగులే. అదే వెడల్పున్న కొలువు దుస్తుల బట్టకైతే 1200. బంధుత్వం దూరమయ్యే కొద్దీ నేత సన్నబడుతుంది. వంశవృక్షాన్ని మగ్గం మీద చదవవచ్చు.

అపోహ: ఇదంతా పండితుల కాలక్షేపం.

వాస్తవం: 1659లో కొరియా రాజు హ్యోజోంగ్ మరణించాడు. ఆయన తన తండ్రికి రెండో కొడుకు, అయినా సింహాసనం ఎక్కినవాడు. మరి ఆయన కోసం ఆయన సవతి తల్లి పాటించాల్సింది పెద్దకొడుక్కి పాటించే మూడేళ్లా, ఒక ఏడాదేనా? కొరియా పండితుడు సాంగ్ సియోల్ పక్షం చైనాలో తాంగ్ వంశ కాలపు జియా గోంగ్‌యాన్ యీలీకి రాసిన టీకను చూపి ఏడాది చాలంది. వినడానికి చిన్న సంగతే. కానీ మూడేళ్లు వద్దనడమంటే రాజు వారసత్వాన్నే తక్కువ చేయడమని ఎదుటి పక్షం పట్టుబట్టింది. అప్పటికి ఏడాదే నిలిచింది. 1674లో హ్యోజోంగ్ రాణి మరణించినప్పుడు ఆ సవతి తల్లే, అంటే రాణికి అత్తగారు, పాటించాల్సిన దీక్ష మీద గొడవ మళ్లీ రేగింది. ఈసారి సాంగ్ పక్షం అధికారం పోగొట్టుకుంది, ఆయనకు ప్రవాస శిక్ష పడింది.

అపోహ: మూలపాఠం మార్పు లేకుండా మన దాకా వచ్చింది.

వాస్తవం: 1959లో చైనాలోని గాన్సు ప్రాంతంలో వూవేయ్ దగ్గర హాన్ వంశ కాలపు ఒక సమాధిలో యీలీ రాతప్రతులు దొరికాయి. వాటిలోని శోకవస్త్రాల అధ్యాయం అచ్చు ప్రతితో అన్నిచోట్లా కలవదు. విద్యార్థుల చేత మొదట ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిస్తాను.