కాన్పు తర్వాత గ్యాస్ మాత్రలు ఆపడం: అపోహలు - వాస్తవాలు

కడుపుతో ఉన్నప్పుడు ఛాతీలో మంటకు రెండు కారణాలు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వల్ల అన్నవాహిక చివరి కవాటం వదులవుతుంది, పెరిగే గర్భసంచి కింది నుంచి కడుపును నొక్కుతుంది. కాన్పుతో రెండూ తొలగిపోతాయి. అయినా పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి, ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్రలు చాలామంది వేసుకుంటూనే ఉంటారు. ఆపమని ఎవరూ చెప్పకపోవడమే దీనికి ముఖ్య కారణం.

అపోహ: మాత్ర మానేస్తే మళ్లీ మంట వచ్చింది, అంటే జబ్బు పోలేదు.

వాస్తవం: ఎక్కువమంది ఇక్కడే భయపడి మళ్లీ మాత్ర మొదలుపెడతారు. ఈ మాత్రలతో కడుపులో ఆమ్లం తగ్గితే, ఆ లోటు పూడ్చడానికి ఒంట్లో గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఆమ్లం తయారీని ఉసిగొల్పే కణాలూ పెరుగుతాయి. మాత్ర ఆపాక అడ్డు తొలగి, కొన్నాళ్లు మామూలుకంటే ఎక్కువ ఆమ్లం ఊరుతుంది. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, జీర్ణకోశ సమస్యలేవీ లేనివాళ్లకు 8 వారాలు ఇదే కోవకు చెందిన ఎసోమెప్రజోల్ 40 మి.గ్రా. ఇచ్చి ఆపితే, తర్వాతి 4 వారాల్లో 44 శాతం మందికి మంట, పుల్లటి త్రేన్పుల వంటివి వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 15 శాతమే. అంటే ఆ మంటలో కొంత మందు తెచ్చిపెట్టిందే. సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

మూడు నాలుగు వారాలే వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపేయొచ్చు. రెండు నెలలు దాటితే మెట్లుమెట్లుగా తగ్గించడం తేలిక. రోజుకు రెండుసార్లు వేసుకునేవాళ్లు ముందు ఒక్కసారికి, అదీ పరగడుపున తినడానికి అరగంట ముందుకు మారాలి. రెండు వారాల తర్వాత మోతాదు సగానికి (పాంటోప్రజోల్ 40 నుంచి 20కి), మరో రెండు వారాలకు రోజు విడిచి రోజుకు తగ్గించి, ఆపాలి. మధ్యలో మంట వస్తే తిన్నాక, పడుకునే ముందు ఆల్జినేట్ సిరప్ (ఆమ్లం పైకి ఎగదన్నకుండా అడ్డుకునేది) 10 మి.లీ. సరిపోతుంది. రాత్రి ఇబ్బందికి అవసరమైతే డాక్టర్ సలహాతో ఆమ్లాన్ని తగ్గించే మరో రకం మందు ఫామోటిడిన్ 20 మి.గ్రా. వాడొచ్చు. రోజూ వేసుకుంటే దాని ప్రభావం తగ్గిపోతుంది కాబట్టి కొద్ది రోజులకే పరిమితం చేయండి.

అపోహ: మోతాదు తగ్గించాలంటే మాత్రను సగానికి విరిస్తే చాలు.

వాస్తవం: విరవకండి. ఆమ్లం తాకకుండా మందును కాపాడే పైపూత పోతుంది, మందు కడుపులోనే పాడవుతుంది. తక్కువ మోతాదు మాత్రే అడిగి తీసుకోండి.

అపోహ: కాన్పు అయింది కాబట్టి అందరూ వెంటనే మానేయాలి.

వాస్తవం: సిజేరియన్ తర్వాత డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలతో పాటు పొట్ట రక్షణకు గ్యాస్ మాత్ర రాసి ఉంటే, అవి అయ్యేవరకు ఆగండి. గర్భానికి ముందే ఎండోస్కోపీలో అన్నవాహిక పుండ్లు బాగా తీవ్రంగా కనిపించినవాళ్లు, బారెట్స్ (ఆమ్లం వల్ల అన్నవాహిక లోపొర మారిపోవడం) ఉన్నవాళ్లు, గతంలో పొట్టలో రక్తస్రావం అయినవాళ్లు సొంతంగా ఆపకూడదు.

అపోహ: పాలిచ్చే తల్లి ఈ మాత్రలు ముట్టుకోకూడదు.

వాస్తవం: పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ పాలలోకి చాలా స్వల్పంగానే వెళ్తాయి. పాల కోసం ఆపాల్సిన పని లేదు. ఆపడానికి అసలు కారణం వేరు: అవసరం తీరాక కూడా సాగదీస్తే ఇనుము సరిగా ఒంటికి పట్టదు, కాన్పులో రక్తం పోయిన బాలింతకు అది నష్టం. యాంటాసిడ్‌కూ (కడుపులోని ఆమ్లాన్ని విరిచే మందు) ఐరన్ మాత్రకూ కనీసం 2 గంటలు, థైరాయిడ్ మాత్రకు 4 గంటలు ఎడం ఉంచండి. ఇక డోంపెరిడోన్ కలిపిన మాత్ర వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. అది పాలు ఊరే హార్మోన్‌ను పెంచుతుంది, గుండె లయ మీదా ప్రభావం చూపగలదు.

అపోహ: తలకింద రెండు దిండ్లు వేసుకుంటే చాలు.

వాస్తవం: దిండ్లతో నడుము దగ్గర వంగి పొట్ట మరింత నొక్కుకుంటుంది. మంచం తలవైపు కాళ్ల కింద 15 నుంచి 20 సెం.మీ. ఎత్తు పెట్టండి, ఎడమ వైపు తిరిగి పడుకోండి. పొట్టకు బిగించే బెల్టు తిన్న వెంటనే వద్దు. రాత్రి పాలిచ్చేందుకు లేచి ఏదైనా తినాల్సి వస్తే కొద్దిగానే తినండి.

అపోహ: కాన్పు తర్వాత పైపొట్ట నొప్పంటే గ్యాసే.

వాస్తవం: మొదటి 6 వారాల్లో కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అదే రోజు బీపీ చూపించాలి. కాన్పు తర్వాతా ప్రీఎక్లాంప్సియా (బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) రావచ్చు. కొవ్వు పదార్థాలు తిన్నాక మొదలై గంటల తరబడి ఉండే నొప్పి పిత్తాశయ రాళ్లది కావచ్చు. మింగడం కష్టమైనా, రక్తం వాంతి అయినా, ఛాతీ బిగిసి ఆయాసం వచ్చినా ఇంట్లో ఆగకండి. ఐరన్ వేసుకుంటే మలం నల్లగా రావడం మామూలే, తారులా జిగటగా, బాగా దుర్వాసనతో వస్తే మాత్రం రక్తస్రావం కావచ్చు.