మరిగే సున్నా, గడ్డకట్టే వంద

మే నెలలో రెంటచింతలలో 45 డిగ్రీలని వార్తల్లో విని ‘అమ్మో’ అనుకుంటాం. అదే ఇంట్లో పిల్లాడికి ఒళ్లు కాలిపోతుంటే ‘నూట రెండు జ్వరం’ అంటాం. ఎండకు సెల్సియస్, జ్వరానికి ఫారెన్‌హీట్. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడుతున్నామన్న సంగతే మనకు తట్టదు. పెద్దవాళ్లయితే ఎండ లెక్కను ఇప్పటికీ సెంటీగ్రేడ్ అనే అంటారు. ఈ రెండో పేరుకు పెద్ద కథే ఉంది.

ఆండర్స్ సెల్సియస్ స్వీడన్‌లోని ఉప్సాలాలో ఖగోళ శాస్త్ర ఆచార్యుడు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిందో లేదో తేల్చడానికి 1736లో ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని లాప్‌లాండ్ వెళ్లిన ఫ్రెంచి బృందంలో ఆయనా ఉన్నాడు. అప్పట్లో థర్మామీటర్ల కొలతలు ఎవరివి వారివే. ఒకరి అంకె మరొకరికి పనికొచ్చేది కాదు. ఎక్కడైనా, ఎవరైనా సరిచూసుకోగల రెండు గుర్తులు కావాలి. నీరు గడ్డకట్టే వేడిమి ఊరిని బట్టి మారదనీ, మరిగే వేడిమి మాత్రం గాలి ఒత్తిడిని బట్టి మారుతుందనీ ఆయన ప్రయోగాలు చేసి చూపించాడు. ఒత్తిడి ఎంతో కూడా చెబితే రెండో గుర్తూ స్థిరపడుతుంది. 1742లో స్వీడిష్ సైన్స్ అకాడమీకి సమర్పించిన పత్రంలో ఆ రెంటి మధ్యా వంద భాగాలు చేశాడు.

అయితే అందులో నీరు మరిగేది సున్నా దగ్గర, గడ్డకట్టేది వంద దగ్గర! చలి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. మనకిది వింతే గానీ, అంతకుముందు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త డెలీల్ చేసిన థర్మామీటరూ ఇలాగే తలకిందులుగా ఉండేది. పైగా స్వీడన్ చలికాలంలో రోజూ మైనస్ గుర్తు రాసుకునే బాధ ఉండదు.

1744లో క్షయతో పోయేనాటికి సెల్సియస్‌కు 42 ఏళ్లు. స్కేలును తిరగేసింది ఎవరంటే ఒక్కరి పేరు చెప్పడం కష్టం. ఫ్రాన్స్‌లో లియోన్ నగరవాసి క్రిస్టిన్ 1743లోనే సున్నా దగ్గర గడ్డకట్టే థర్మామీటర్ చేయించాడు. ఉప్సాలాలో మొక్కల శాస్త్రవేత్త లినేయస్ పేరూ, పరికరాలు చేసే ఎక్‌స్ట్రోమ్ పేరూ వినిపిస్తాయి. నన్నడిగితే, సెల్సియస్ పేరు మోస్తున్న స్కేలు అచ్చంగా ఆయనది కాదు.

ఆ పేరు కూడా చాలాకాలం లేదు. లాటిన్‌లో సెంటమ్ అంటే వంద, గ్రాడస్ అంటే మెట్టు. ఆ రెండూ కలిసి సెంటీగ్రేడ్ అయింది. చిక్కేమిటంటే, ఫ్రెంచిలో కోణాల కొలతకు ‘గ్రాడ్’ ఉంది, అందులో నూరో వంతునూ సెంటీగ్రేడ్ అనే అంటారు. ఈ గందరగోళం పోవాలని 1948లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ‘డిగ్రీ సెల్సియస్’ అన్న పేరు ఖాయం చేసింది. కలిసొచ్చిందేమిటంటే, రెండు పేర్లకూ మొదటి అక్షరం సి. పాత థర్మామీటర్ల మీద గుర్తు చెరపాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత కొలతకు ఆధారమూ మారింది. 2019 నుంచి నీటితో సంబంధం లేకుండా బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో (వేడిమిని శక్తితో ముడిపెట్టే, మారని అంకె) శాస్త్రవేత్తలు వాడే వేడిమి కొలత కెల్విన్‌ను నిర్వచించి, దాన్నుంచి సెల్సియస్‌ను తీస్తున్నారు. ఈ లెక్కన సాధారణ వాతావరణ పీడనం దగ్గర నీరు మరిగేది 99.97 డిగ్రీలకు. సెంటీగ్రేడ్‌లోని ఆ వందో మెట్టు ఇప్పుడు సరిగ్గా వందో మెట్టు కాదు.