మహాగనిలో పెదవులు ఎంత చుట్టాలి?

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నాన్నా, వీళ్ళిద్దరూ ఒక చెక్క పేరు మీద పొద్దున్నుంచీ కొట్టుకుంటున్నారు" అంది. ఒక వీడియోలో మహాగని అన్నారట, ఇంకోదాంట్లో మహొగని అన్నారట. తీర్పు ముందే చెప్పేస్తున్నా. మీ గొడవలో ఇద్దరూ కరెక్టే. కానీ ఇద్దరూ తప్పింది మీరు గొడవ పడని చోట, మొదటి ‘మ’ దగ్గర.

ముందు గొడవ సంగతి చూద్దాం. అద్దం ముందు నిలబడి ‘ఆ’ అనండి. నోరు అలాగే తెరిచి ఉంచి, పెదవులు మాత్రం కొంచెం గుండ్రంగా చుట్టండి. ఇప్పుడు పలికి చటుక్కున ఆపేయండి. అటు ‘ఆ’ కాదు, ఇటు ‘ఒ’ కాదు, మధ్యలో ఒక శబ్దం వచ్చిందా? ఇంగ్లండ్‌లో వార్తలు చదివేవాళ్ళ మహాగనిలో ఉండేది అదే. అమెరికాలో ఎక్కువమంది పెదవులు చుట్టరు. వదులుగా ఉంచి కాస్త సాగదీస్తారు, మన ‘ఆ’ లాగే ఉంటుంది. ఐర్లండ్‌లోనూ చాలామందిది ఇదే దారి. స్కాట్లండ్ వాళ్ళది ‘ఒ’ వైపు మొగ్గుతుంది. కెనడా వాళ్ళు అమెరికాకు పక్కనే ఉన్నా పెదవులు కాస్త చుడతారు. ఇక లండన్ పాత వీధుల యాసలో ‘హ’ ఎగిరిపోతుంది, ‘మఆగని’ అయిపోతుంది!

ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడొద్దు. ఎదుటి మనిషి ‘హాట్’ అనే మాట ఎలా అంటాడో వినండి. వేడిగా ఉందని చెప్పే ఆ చిన్న మాటలో ఏ అచ్చు ఉందో, అతని మహాగనిలోనూ అదే ఉంటుంది.

‘ఆ’కీ ‘ఒ’కీ మధ్యనుండే ఆ శబ్దానికి మనకు అక్షరం లేదు. అందుకే డాక్టర్, షాపు అని ‘ఆ’తో సరిపెట్టుకున్నాం. మలయాళం వాళ్ళు ‘డోక్టర్’ అని ‘ఓ’తో రాసుకున్నారు. హిందీ వాళ్ళు ‘ఆ’ గుర్తు మీద చిన్న చంద్రవంక పెట్టి కొత్త గుర్తే చేసుకున్నారు. వాళ్ళ తెలివి నాకు భలే నచ్చుతుంది.

ఇప్పుడు మీ ఇద్దరి తప్పు. అది నాదీనూ. చాలా ఏళ్ళ కిందట ఫోన్‌లో ఒక బ్రిటిష్ పెద్దమనిషితో ఈ చెక్క గురించి మాట్లాడాల్సి వచ్చింది. నేను ‘మహగానీ’ అని ‘గా’ మీద బరువు పెట్టి మూడుసార్లు చెప్పాను. ఆయన మూడుసార్లూ "ఏమిటీ?" అన్నాడు. చివరికి స్పెల్లింగ్ చెబితే, "ఓ!" అని ఆయన ఒకసారి పలికాడు. నాకు మొదటి ‘మ’ వినపడనే లేదు. ‘హా’ ఒక్కటే గట్టిగా వినిపించింది, మిగతా మూడూ దాని వెనక దాక్కున్నాయి.

కిటుకంతా అక్కడే ఉంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒకదాన్ని ఒత్తి పలికి మిగతావాటిని నలిపేస్తారు. మహాగనిలో ఒత్తేది రెండోదాన్ని. మొదటి ‘మ’, మూడో ‘గ’ల్లో ఉండేది నోరు సగం తెరిచి వదిలేసే నీరసమైన ‘అ’. దాన్ని ష్వా అంటారు. చివరి ‘ని’ పొట్టిగా పలికినా, ‘నీ’ అన్నా ఎవరూ పట్టించుకోరు. నేను చెప్పిన యాసలన్నిటిలోనూ ఊనిక ఆ రెండో అక్షరం మీదే. అక్కడ ఒత్తితే, పెదవులు చుట్టినా చుట్టకపోయినా అర్థమవుతుంది. ‘గా’ మీద ఒత్తితే నా గతే!

స్పెల్లింగ్‌కి ఒక చిట్కా: mahogany మధ్యలో ‘హాగ్’ (hog) ఉంది, అంటే పంది. నవ్వండి, కానీ మరిచిపోరు. ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకాల్లోకి ఈ మాట 1671లోనే వచ్చింది. వృక్షశాస్త్రంలో మాత్రం, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1759లో రాసినప్పుడు రెండో అక్షరంలో ‘ఎ’ (a), మూడోదాంట్లో ‘ఓ’ (o) పెట్టి ‘మహగోని’లా రాశాడు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఆ రెండు అక్షరాలూ చోట్లు మార్చుకుని ఉంటాయి. అందుకే పెద్దవాళ్ళు కూడా తికమకపడతారు. తమాషా ఏంటంటే, ఈ చెట్టు సొంతగడ్డల్లో ఒకటైన జమైకాలో, అక్కడి వాడుకభాషలో ఆ రెండో అచ్చు అచ్చంగా మన ‘అ’ లాగే ఉంటుంది. వేడికి ‘హాట్’, టోపీకి ‘హ్యాట్’, రెండిట్లోనూ అదే అచ్చు. అన్నట్టు, ఈ చెట్టు మన వేపకు చుట్టమే, ఇద్దరిదీ ఒకే కుటుంబం.

ఇంకో చెక్క పేరు కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే చిన్నోడు దీన్ని తప్పకుండా తప్పు పలుకుతాడు. మన టేకు. మలయాళంలో ‘తేక్కు’. పోర్చుగీసు వాళ్ళు దాన్ని ‘తెకా’ చేసుకున్నారు, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఇంగ్లీషులో అది ‘టీక్’, ఈ పేరు దగ్గర అమెరికాకూ లండన్‌కూ పేచీ లేదు. మనం అలవాటుకొద్దీ ‘టేక్ వుడ్’ అంటే, వినేవాడికి "చెక్క తీసుకో" అన్నట్టు వినిపిస్తుంది.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పలకాలి, మొదటి ‘మ’ నాకు వినపడకూడదు.

మీ తాతయ్య