పేదరికం లెక్కలు: పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

గృహ సర్వేల పని మీద ఈ రెండు జిల్లాల పల్లెల్లో తిరిగే నాకు, బాగా చదువుకున్నవారి నోట కూడా కొన్ని మాటలు తరచూ వినిపిస్తుంటాయి.

అపోహ: నెలకు ఎంత సంపాదిస్తారని అడిగితే, ఎవరు పేదలో తెలిసిపోతుంది.

వాస్తవం: పత్తి, కంది అమ్మినప్పుడే చేతిలో డబ్బు ఆడే రైతుకు నెల ఆదాయం అనే మాటే అతకదు. మన దేశంలో పేదరికాన్ని ప్రధానంగా వినియోగ ఖర్చును బట్టి అంచనా వేయడానికి ఇదొక కారణం. 2011-12 ధరల్లో ప్రభుత్వ నిపుణుల సంఘమైన టెండూల్కర్ సంఘం పద్ధతి గ్రామీణ పేదరిక రేఖను మనిషికి నెలకు 816 రూపాయలుగా, రంగరాజన్ సంఘం 972 రూపాయలుగా లెక్కగట్టాయి. అదే దేశం, అదే సంవత్సరం. అయినా దేశంలో పేదల సంఖ్య దాదాపు 27 కోట్ల నుంచి 36 కోట్లకు మారింది.

అపోహ: పేదలంటే ఎప్పుడూ అవే కుటుంబాలు.

వాస్తవం: మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురుపల్లి, డోకూర్‌తో సహా ఆరు గ్రామాల్లో మొదలుపెట్టిన అధ్యయనం, ఒకే ఇంటిని ఏళ్ల తరబడి వెంబడించి చూడటం వల్ల ఈ అపోహను బలంగా దెబ్బతీసింది. వానలు లేని ఏడాది తిండి గడవడానికి రైతు ఎడ్లను అమ్ముకుంటాడనీ, ఆ లోటు తరువాతి సేద్యాన్ని కూడా కుంగదీస్తుందనీ ఆర్థికవేత్తలు రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ ఇక్రిశాట్ సమాచారంతోనే 1993లో చూపించారు. ఒక ఇంటి ఖర్చు ఆ ఇంటి ఆదాయం కన్నా ఊరి సగటు ఖర్చుతో ఎక్కువగా కలిసి నడుస్తుందని మరుసటి ఏడాది మరో ఆర్థికవేత్త టౌన్‌సెండ్ తేల్చారు. చేబదుళ్లు, అప్పులు, ధాన్యం నిల్వలు కష్టకాలంలో ఇంటిని కొంతవరకు ఆదుకుంటాయి. భూమి లేనివారికి మాత్రం ఆ ఆసరా తక్కువ. ఒక్క మంచి ఏడాదిని చూసి ఒక కుటుంబం గట్టెక్కిందని రాయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

అపోహ: సర్వేలో తాళం వేసిన ఇంటిని వదిలి పక్క ఇంటిని రాసుకుంటే నష్టం లేదు.

వాస్తవం: పాలమూరులో ఎండాకాలం కనిపించే తాళాల్లో చాలావరకు వలస కూలీలవే. వారిని వదిలేస్తే లెక్క ఊళ్లో మిగిలినవారి వైపే మొగ్గుతుంది.

అపోహ: సూచీలో పేదరికం తగ్గితే జీవన నాణ్యత అంతే పెరిగినట్టు.

వాస్తవం: ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలను 12 సూచికలతో కొలిచే నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలో తెలంగాణ పేదల శాతం 2015-16లోని 13.18 నుంచి 2019-21 నాటికి 5.88కి తగ్గింది. ఇది నిజమైన మార్పే. కాని ఆ సూచీ తాగునీటిని దాని మూలాన్నీ దూరాన్నీ బట్టి చూస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంత ఉందో అడగదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోరు నీటినే ఏళ్ల తరబడి తాగిన ఇల్లు కూడా ఆ సూచికలో లోటు లేనిదిగానే నమోదు కావచ్చు. తరువాత శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు వచ్చినా, ఫ్లోరైడ్ వల్ల అప్పటికే వంగిన ఎముకలు సరికావు. అందుకే నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ బాధిత ప్రాంతమైన మర్రిగూడ వైపు సర్వేకు వెళ్లినప్పుడల్లా, కీళ్లు వంగక కూలికి వెళ్లలేనివారు ఇంట్లో ఎందరున్నారో విడిగా అడిగి, ఫారం వెనుక రాసుకుంటాను.