కాళ్లూ చేతులూ బాగున్న తాతకి ఆ పెన్షన్ ఎందుకు?

చిన్నా, అమ్ములూ,

మొన్న సెలవుల్లో నా పెన్షన్ కాగితం చూసి "తాతా, నీకు కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా, డిజేబిలిటీ అని రాశారేంటి?" అన్నాడు చిన్నా. అప్పుడు నవ్వి ఊరుకున్నా.

1988లో నన్ను సైన్యంలోకి తీసుకునేటప్పుడు కళ్లు, చెవులు, పళ్లు, చివరికి అరికాళ్లు కూడా చూసి ఫిట్ అని రాశారు. 24 ఏళ్లు చేసి 2012లో హవల్దారుగా ఇంటికొచ్చే ముందు మళ్లీ మెడికల్ బోర్డు, అంటే సైన్యం డాక్టర్ల బృందం, కూర్చుంది. బీపీ ఉంది, 30 శాతం వైకల్యం అన్నారు. 20 శాతం ఉంటే చాలు, పెన్షన్‌కి అదనంగా డబ్బు రావాలి. కానీ కింద ఇంకో లైను రాశారు, ఇది సర్వీసు వల్ల వచ్చింది కాదని. ఎందుకయ్యా అంటే, అది బయటపడ్డప్పుడు నేను పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దుకి దూరంగా ప్రశాంతమైన చోట, ఉన్నానట! అంతకుముందు లేహ్‌లో, రాజస్థాన్ ఎడారిలో గడిపిన ఏళ్లు ఎటు పోయాయో మరి. మన మాధవరంలో ఇంటికో ఫౌజీ ఉన్నా ఆ లైను గురించి అరుగు మీద ఎవరూ మాట్లాడరు, డిజేబిలిటీ అనే మాటకి మాకు సిగ్గు.

2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే జవాను కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: చేరేటప్పుడు ఆ జబ్బు ఉన్నట్టు రికార్డులో లేకపోతే సర్వీసులో వచ్చినట్టే లెక్క, కాదంటే రుజువు చేయాల్సింది సర్కారే. అది పట్టుకుని నేను సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లాను. వాయిదా పడినప్పుడల్లా నానమ్మ టెన్షన్‌తో నా బీపీ ఇంకా పెరిగేది.

లెక్క చెప్తా. 100 శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 20,000 అనుకుంటే 6,000. నా 30 శాతానికి 1,800 రావాలి. అయితే 50 లోపు ఉన్నదాన్ని 50గా లెక్కకట్టే పద్ధతి ఉంది, జబ్బు వల్ల మెడికల్ బోర్డు పెట్టి సర్వీసు మధ్యలోనే ఇంటికి పంపేసినవాళ్లకే అలా ఇచ్చేవారు. 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసు తీర్పుతో పూర్తి సర్వీసు చేసినవాళ్లకీ వచ్చింది. అంటే 3,000.

బీపీ పక్కింటి మాస్టారికీ ఉందిగా అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. ఆఖరి ఏడాదిలో జబ్బులు వెతుక్కున్నవాళ్లని నేనూ చూశాను, ఒళ్లు మండేది. అలాగని నిజంగా అరిగిపోయినవాడి నోట్లో మట్టి కొడితే ఎలా?

2023 సెప్టెంబర్ నుంచి రూల్స్ మారాయి, కొన్ని చోట్ల ఈ డిజేబిలిటీ డబ్బు పేరు కూడా ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అయింది. శీను మామ ఇంకా సర్వీసులోనే ఉన్నాడు కదా, ఏ ఆసుపత్రి కాగితమైనా జిరాక్స్ తీసి దాచుకోమని మీరే చెప్పండి, నా మాట వినడు.

నా ఎర్ర ఫైలు బీరువా పై అరలో ఉంది. దసరాకి వస్తే ఆ 1988 ఫిట్ కాగితం చూపిస్తా. అందులో నా బరువు 52 కిలోలు. నానమ్మ నమ్మడం లేదు.

తాత